మూడో నవ్వు

నా మనవరాలు బొమ్మల కథలు గీస్తుంది. చదివిన చదువు వేరు, చేస్తున్న ఉద్యోగం వేరు. ఆదివారం వచ్చిందంటే మాత్రం భోజనాల బల్ల నిండా కాగితాలు పరచి, గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మనిషిని నిలబెడుతూ పొద్దు గడుపుతుంది. మొన్నొక ఆదివారం నంద్యాలలో మా ఇంటికి వచ్చి, ఆ కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టి, "అవ్వా, మన సీమ ఫ్యాక్షన్ మీద గీస్తాండా. నువ్వు కండ్లారా చూసినదానివి గదా, తప్పులుంటే చెప్పు" అంది. ఉద్యోగ జీవితమంతా పిల్లల రాతపుస్తకాలు దిద్దిన ప్రధానోపాధ్యాయురాలితో అనవలసిన మాట కాదది. నేను లేచి వెళ్ళి ఎర్ర పెన్సిలు తెచ్చుకున్నాను.

మొదటి గడిలో పిడికెడు మీసమున్న మనిషి ఒకడు, నెత్తురు కారే కొడవలి భుజాన వేసుకుని నడివీధిలో నడుస్తున్నాడు. గీటు పెట్టాను. తరువాతి గడిలో జీపులు గాలిలోకి లేచి పల్టీలు కొడుతున్నాయి. గీటు పెట్టాను. ఒకడు తొడ చరిచితే నేల బీటలు వారింది. దానికి గీటు చాలదని పక్కన 'ఎందుకు?' అని రాశాను. "సినిమాల్లో అంతా ఇట్లనే ఉంటాదవ్వా" అంది పిల్ల, మూతి ముడుచుకుని. "ఆ సినిమా తీసినవాడు మన ఊరి బస్సన్నా ఎక్కినాడా?" అన్నాను. అట్లా పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట నా పెన్సిలు ఆగిపోయింది. మండుతున్న గడ్డివామి ముందర మీసాలవాడు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తల పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ నవ్వు అక్షరాలై గడి దాటి బయటికి పగిలిపోతున్నది. "ఇట్లా నవ్వుతాడని నీకెవరు చెప్పినారు?" అని అడిగాను. "ఎవరూ చెప్పలే. విలన్ అన్నాక నవ్వల్ల గదవ్వా" అంది. పిల్లకు తెలియదు, సరిగ్గా ఆ ఒక్క మాటనే నంద్యాల కోర్టులో మా నాయన మీద సాక్ష్యంగా చెప్పారని. సరిగ్గా ఆ ఒక్క మాట కారణంగానే బయటపడ్డాడని కూడా.

ఆ సంగతి ఇన్నాళ్ళూ నా కాగితాలలో ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ జరిగినది జరిగినట్టు ఆ సాయంత్రమే రాసిపెట్టుకునే అలవాటు నాది. ఇప్పుడు వాటిని ముందు పెట్టుకుని వరుసలో చెబుతున్నాను. పేర్లు రాయను. భయం చేత కాదు, దయ చేత అసలే కాదు. ఆ మనిషి పేరు అచ్చులో చూసుకుని మురిసే అవకాశం ఆయన వారసులకు నా చేతిమీదుగా దొరకకూడదు, అంతే. అందరూ ఆయనను పెద్దాయన అనేవాళ్ళు. నేనూ అట్లాగే అంటాను.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి వైపు పోయే దారిలో ఉంది. అక్కడి మిషన్ బడిలో మా నాయన అయ్యవారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. వితంతువైన మా మేనత్త మాతో ఉండి ఇల్లు నడిపేది. మిషన్ దొరసానుల దగ్గర కుట్టుపని నేర్చుకుని, చేతిమిషను మీద రవికెలు, పిల్లల గౌన్లు కుట్టి ఆళ్లగడ్డ సంతలో అమ్మేది. నేను ట్రైనింగ్ ముగించుకుని నంద్యాలలో ఒక ఆడపిల్లల బడిలో అప్పుడే చేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం మాట ఇది.

పెద్దాయనకు మీసం లేదు. ఈ సంగతి నా మనవరాలికి చెబితే నమ్మలేదు. నున్నని ముఖం, ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, చేతిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. దాన్ని వాసన చూస్తూ మాట్లాడేవాడు. గొంతు ఎంత మెత్తనిదంటే, ఆయన ఏమన్నాడో వినడానికి మనుషులు ముందుకు వంగేవాళ్ళు. దూరం నుంచి చూసేవాళ్ళకు అది దండం పెట్టినట్టు కనిపించేది. ఆళ్లగడ్డకు టూరింగ్ టాకీసు డేరా వచ్చిన ప్రతిసారీ ముందువరుసలో ఆయనకొక కుర్చీ వేసేవాళ్ళు. తెర మీద మీసాల దుర్మార్గుడు కనిపించగానే నేల టిక్కెట్టు జనం ఇసుక తీసి తెర మీద చల్లేవాళ్ళు. పెద్దాయన కూడా తల అడ్డంగా ఆడిస్తూ, "పాపిష్టి నాకొడుకు, ఆ ముసలామెను ఎట్ల ఏడిపిస్తాండాడో సూడప్పా" అని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకునేవాడు. ఆట ముగిశాక ఇసుక చల్లిన ఆ చేతులే ఆయనకు నమస్కరించేవి. ఆ నమస్కారంలో నటన లేదు. దుర్మార్గుడంటే ఎట్లా ఉంటాడో ఆ జనానికి తెర చూపించి పెట్టింది. ఎదురుగా ఉన్నవాడు అట్లా లేడు.

ఆయన నడిపిన వ్యాపారం ఏమిటో నేరుగా చెబుతాను: సాక్షులు. కొందరు పందెపు ఎద్దులను మేపినట్టు ఆయన సాక్షులను మేపేవాడు. కోయిలకుంట్ల నుంచి చాగలమర్రి దాకా ఏ వర్గానికి దావా పడినా, కావలసిన దృశ్యాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఆయన దగ్గర దొరికేవాళ్ళు. చేతులు విరవడం, కల్లాలు కాల్చడం, నిమ్మతోటలు నరకడం కూడా జరిగేవి. అవి జరిగిన రోజున మాత్రం పెద్దాయన తప్పకుండా నంద్యాలలో పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని ఉండేవాడు. డాక్టరు చీటీ రాయించుకోవడం కోసం ఆయన గట్టి పళ్ళు కూడా పీకించుకున్నాడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఏ సినిమాలోనైనా దుర్మార్గుడు నేరం కోసం ఇంత నొప్పి భరించడం మీరు చూశారా?

ఒకసారి చాగలమర్రి దారిలో ఒక రైతు కాళ్ళు విరగ్గొట్టారు. ఆ రోజున పళ్ళ డాక్టరు ఊళ్ళో లేడు. పెద్దాయన మొదటిసారి చీటీ లేకుండా చిక్కుకున్నాడు. అందువల్ల ఆయన మా ఇంటికి రావలసి వచ్చింది. కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి నీళ్ళ చెంబు ఆయన మనుషులే మోసుకొచ్చారు. మా ఇంట్లో నీళ్ళు ఆయన తాగడు. నేను సెలవుకు వచ్చి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"అయ్యవారూ, ఆ పొద్దు నేను మీ బడి కాడ కూర్చుని పైకప్పు మాట మాట్లాడతా ఉంటి గదా?" అన్నాడు నిమ్మకాయ వాసన చూస్తూ.

"లేదు సామీ. ఆ పొద్దు మీరు బడికి రాలే" అన్నాడు నాయన.

"వచ్చినాననుకో."

"అనుకునేదానికేమి, అనుకుంటా. కోర్టులో మటుకు చెప్పలేను."

పెద్దాయనకు కోపం రాలేదు. తన చెంబులోని నీళ్ళు తాగి, పెదవులు తుడుచుకుని, "మంచిదప్పా. నిజం చెప్పే మనిషి ఊరికొకడుండల్ల" అని లేచాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి మా అత్త, "అన్నా, వాడు తిట్టిపోయింటే నాకు ఇంత బయం ఉండకపోవు" అంది.

కొన్ని వారాలు గడిచాక పెద్దాయన కల్లం పక్కన ఒక చొప్పవామి కాలిపోయింది. నిరుటి వానకు కుళ్ళి, పశువులు కూడా మూతి తిప్పుకున్న చొప్ప అది. ఆ సమయానికి పెద్దాయన నంద్యాలలో పన్ను పీకించుకుంటున్నాడు. ఆయన గుమాస్తా పోలీసు ఠాణాకు వెళ్ళి, మిషన్ బడి అయ్యవారే నిప్పు పెట్టాడని, చూసినవాళ్ళు ఇద్దరున్నారని ఫిర్యాదు ఇచ్చాడు. నాయనను పట్టుకుపోయి జామీను మీద వదిలిపెట్టారు. బడి నిర్వాహకులు ఆయనను పిలిపించి, కేసు తేలే వరకు బడిలో కాలు పెట్టవద్దన్నారు. శిక్ష పడితే జైలు ఎట్లాగూ తప్పదు. ఉద్యోగం పోతుంది, ఉంటున్న ఇల్లు కూడా బడివాళ్ళదే కాబట్టి అదీ పోతుంది. తన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు కిటికీలోంచి చూస్తుండగా నాయన బడి తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చిన దృశ్యం నాకిప్పటికీ కళ్ళముందుంది. ఆ రోజే నేను పెద్దాయనను క్షమించకూడదని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానాన్ని తేలికగా తీసుకోలేదు. ప్రార్థన చేసి మరీ తీసుకున్నాను.

మా ఇల్లు మిషన్ బడి ఆవరణలోనే. ఆ ప్రహరీకి ఆనుకుని పెద్దాయన పాత ఎద్దుల కొట్టం ఉండేది. పగలు ఎద్దులు సేద్యానికి పోతే అది ఖాళీ. ఒక మధ్యాహ్నం మా అత్త గోడ ఇవతల బట్టలు ఆరవేస్తుంటే కొట్టంలోంచి నవ్వు వినిపించిందట. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ అదే నవ్వు. దానితోబాటు ఒక గద్దింపు. ఆ గొంతు చుట్టుపక్కల ఊళ్ళలో అందరికీ తెలిసినదే: నాటకాలు నేర్పించే హార్మోనియం అయ్యవారిది. పెద్దాయన ఆయనకు తిండి పెట్టి ఏటా ఒక నాటకం ఆడించేవాడు. ఆ తిండి రుణం ఇట్లా కూడా తీర్చుకునేవాడని మాకు ఆ రోజే తెలిసింది.

"యాడ నవ్వల్లరా?" అంటున్నాడు హార్మోనియం అయ్యవారు.

"చొప్ప అంటుకున్నాక."

"అంటుకున్న యెంటనే పండ్లికిలిస్తే యెవడు నమ్ముతాడ్రా? మొదట తిరుగు. చెయ్యి నడుం మింద పెట్టు. గడ్డం పైకెత్తు. ఇప్పుడు! మొదటిది గొంతులోంచి. రెండోది రొమ్ములోంచి. మూడోది పొట్టలోంచి రావల్ల."

"సామీ, ఆ అయ్యవారు నిజంగా అట్ల నవ్వుతాడా?"

"కొంప కాల్చినోడు నవ్వకుండా పోతాడా? టాకీసులో సూల్లేదా నువ్వు? సూసినోడు సూపియ్యకుంటే జడ్జీ నమ్మడు. ఊఁ, మళ్ళా!"

అత్త తడిబట్టలు తట్టలోనే వదిలి ఇంట్లోకి వచ్చి, "అన్నా, నిప్పు పెట్టి నవ్వినావంట" అంది. నాయన తల ఎత్తి, "నేనా?" అన్నాడు. మా నాయన నవ్వు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎంత సంతోషం కలిగినా ఆయన పెదవులు విడివడేవి కావు. ముక్కులోంచి కొంచెం గాలి వచ్చేది. అంతకుమించిన నవ్వును ఆయన నుంచి మా ఇంట్లో ఎవరూ వినలేదు.

నంద్యాలలో మా వకీలు వయసు మళ్ళినవాడు, బక్కపలచని మనిషి. అత్త, నేను కలిసి వెళ్ళి ఈ సంగతి చెప్పాం. అత్త ఆ గదిలోనే నిలబడి, చెయ్యి నడుం మీద పెట్టుకుని, నవ్వి చూపించింది కూడా. వకీలు గుమాస్తా చేతిలోని కలం కింద పడింది. వకీలు గారు, "మీరు విన్నారని చెబితే కోర్టు నమ్మదమ్మా, మీరు ముద్దాయి తోడబుట్టినవారు. విన్నదాన్ని వాళ్ళ నోటితోనే వినిపించాలి" అన్నారు. తరువాత నావైపు తిరిగి, "నాకు ఆ రోజున కొంచెం చెవుడు వస్తుంది. మీరు కంగారుపడకండి" అన్నారు.

విచారణ రోజున కోర్టు నిండిపోయింది. పెద్దాయన రాలేదు, ఇటువంటి చోట్లకు ఆయన రాడు. జడ్జిగారు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మొదటి సాక్షి పెద్దాయన పొలం కాపలాదారు. అయ్యవారు నిప్పు పెట్టడం చూశానని, చొప్ప అంటుకున్నాక ఆయన వెనక్కి తిరిగి పెద్దగా నవ్వాడని తడుముకోకుండా చెప్పాడు. మా వకీలు లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎట్లా నవ్వాడయ్యా?" అన్నారు.

"గట్టిగా సామీ."

"నాకు వినపడి చావదు. నవ్వి చూపించు."

అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు, "ఫరవాలేదండీ, చూపించనివ్వండి" అన్నారు. కాపలాదారు చేతికర్ర కింద పెట్టాడు. పక్కకు తిరిగాడు. చెయ్యి నడుం మీదికి పోయింది, గడ్డం లేచింది. గొంతులోంచి ఒకటి, రొమ్ములోంచి ఒకటి, పొట్టలోంచి ఒకటి. కోర్టు దూలాల మీది పావురాలు లేచి కిటికీలోంచి బయటికి పోయాయి. వెనకనుంచి ఎవడో నాటకాల మీద ప్రాణమున్నవాడు ఆపుకోలేక "వన్స్ మోర్!" అని అరిచాడు. సాక్షి అలవాటు కొద్దీ మళ్ళీ తిరిగి, మళ్ళీ చెయ్యి పెట్టి, అక్షరం పొల్లుపోకుండా అదే నవ్వు నవ్వాడు. బంట్రోతు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటూ తనే నోరు మూసుకోవలసి వచ్చింది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. ఏదో రాసుకున్నారు.

రెండో సాక్షి తమలపాకులు అమ్ముకునే మనిషి. బోనెక్కేసరికే చెమటలు కారుతున్నాడు. మా వకీలు చాలా ఆదరంగా, "నువ్వు కూడా చూశావు కదా నాయనా, ఎట్లా నవ్వాడో చూపించు" అన్నారు. వాడు తిరిగాడు. చెయ్యి నడుం మీద, గడ్డం పైకి. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి నోరు తెరిచి, ఎదుటి ముద్దాయి బోనులో ఉన్న మా నాయన ముఖం చూసి, గుటక మింగాడు. ఆ నిశ్శబ్దంలో, వెనక బల్ల మీది నుంచి, పొట్టలోంచి, నిండుగా, ఏ లోపమూ లేకుండా మూడో నవ్వు వచ్చింది.

అందరూ వెనక్కి తిరిగారు. హార్మోనియం అయ్యవారు లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి నడుం మీదే ఉంది, నోరింకా తెరిచే ఉంది. ఎన్నో ఏళ్ళుగా తెర పక్కన నిలబడి శిష్యులు మరిచిపోయిన ముక్క అందించిన మనిషి. ఆయన బుద్ధికి తెలియకుండానే ఆయన గొంతు తన పని చేసింది.

"ఎవరండీ మీరు?" అన్నారు జడ్జిగారు.

"నాటకాలు నేర్పుతాను దొరా."

"ఈ సాక్షి మీకు తెలుసా?"

హార్మోనియం అయ్యవారు బోనులోని తమలపాకుల మనిషి వైపు చూశాడు. అది అబద్ధం బయటపడిన మనిషి చూపు కాదు, పరువు తీసిన శిష్యుణ్ణి చూసే గురువు చూపు. "తెలుసు దొరా. యెన్నిమార్లు చెప్పినా మూడోది మింగుతాడు" అన్నాడు.

నాయన తల వంచుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను గాభరాపడ్డాను. ముక్కులోంచి గాలి శబ్దం వినిపించాక నా గుండె కుదుటపడింది.

కేసు కొట్టేశారు. సినిమా అయితే ఇక్కడ ముగుస్తుంది. జనం ఈలలు వేసి ఇళ్ళకు పోతారు. జరిగినదేమిటో చెబుతాను. జడ్జిగారు సాక్షులిద్దరినీ తీర్పులో కడిగేశారు గాని, ఫిర్యాదు ఇచ్చినవాడు గుమాస్తా కాబట్టి పెద్దాయన ప్రస్తావన ఆ తీర్పులో ఎక్కడా లేదు. బడి నిర్వాహకులు నాయనను పిలిచి, ఊళ్ళో ప్రశాంతత కోసం ఆయనను పగిడ్యాలకు బదిలీ చేశామన్నారు. నిర్దోషి అని కోర్టు చెప్పిన మనిషి ఊరు విడవాలి, వామి కాల్పించినవాడు ఊళ్ళో ఉండాలి. ఇదీ ప్రశాంతత.

మేము పెట్టెలతో ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి ఉండగా పెద్దాయన వచ్చాడు. తెల్లబట్టలు, నిమ్మకాయ. "అయ్యవారికి మంచి జరిగింది, సంతోషం. పగిడ్యాల నీళ్ళు మంచివంటారు" అని, నావైపు చూసి, ఇంకా మెత్తగా, "పాప నంద్యాలలోనే గదా ఉండేది? ఒంటరి పిల్ల. నేను కనుక్కుంటా ఉంటాలే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మంచి మనసని తలలూపారు. నాయన ముఖం తెల్లబడింది. అత్త మాత్రం కన్నార్పకుండా చూసి, పగిడ్యాల టిక్కెట్టు నాయన చేతిలో పెట్టి, తన కుట్టుమిషను బస్సు మీది నుంచి దింపించింది. "నేను రాను అన్నా. నాకీడ పనుంది" అంది.

అత్త ఆళ్లగడ్డలోనే ఒక గది తీసుకుంది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, సేద్యం చేసుకునే ముక్కోపి. కొడవలి నూరుకుని వచ్చి, "అక్కా, ఊఁ అను. సందు మలుపులో ఏసేస్తా" అన్నాడు. నిజం చెబుతున్నాను, నేను ఊఁ అనేదాన్నే. అత్త దారం పళ్ళతో తెంపుతూ, "ఏసి? నువ్వు జైల్లో, వాడు పూలదండేసుకుని పటంలో. చచ్చినోణ్ణి ఊరంతా మంచోడంటాది. వద్దప్పా. వాడు బతికే ఉండల్ల" అంది. కొత్త దారం ఎక్కించి, "కొడవలి వాడికి అలవాటే. అలవాటు లేనిది పెడదాం" అంది.

అట్లా సంతలో నవ్వు మొదలైంది. పెద్దాయన సంతలో నడిచిపోతుంటే మిరపకాయల రాశుల వెనకనుంచి ఎవరో ఆ కోర్టు నవ్వు నవ్వేవాళ్ళు. తిరిగి చూస్తే అందరూ తూకాలలో మునిగి ఉండేవాళ్ళు. చింతపండు అమ్మేవాళ్ళు, గాజులవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, అందరూ అత్త దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళే. అందరూ పెద్దాయనతో ఏదో ఒక పాత లెక్క ఉన్నవాళ్ళే. కొన్నాళ్ళకు హార్మోనియం అయ్యవారు చిరిగిన చొక్కా పట్టుకుని అత్త దగ్గరికి వచ్చాడు. కోర్టు నుంచి వచ్చిన రోజే పెద్దాయన మనుషులు ఆయన హార్మోనియాన్ని వీధిలో వేసి తొక్కారట. అత్త ముందు ఆయనను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆయన వీధిలోనే నిలబడి, "తల్లీ, తిట్టల్లంటే తిట్టు. మీవాళ్ళు తప్పుగా నవ్వుతాండారు, అది చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు.

"ఏందీ తప్పు?"

"మూడూ ఇచ్చేస్తాండారు. రెండిచ్చి ఆపండి. మూడోది ఇయ్యద్దు. వాడే యెదురుసూస్తాడు."

అత్త ఆయనను ఎగాదిగా చూసి, చొక్కా ఇమ్మని చెయ్యి చాపింది.

అప్పటి నుంచి సంతలో రెండే. ఒకటి గొంతులోంచి, ఒకటి రొమ్ములోంచి. తరువాత నిశ్శబ్దం. పెద్దాయన అడుగు ఆగిపోయేది. మూడోదాని కోసం ఎదురుచూస్తూ నిలబడేవాడు. అది వచ్చేది కాదు. సంత రోజున ఆయన ఇల్లు కదలడం మానేశాడు. టాకీసులో ఆయన కుర్చీ ఖాళీగా ఉండసాగింది. వ్యాపారం కూడా దెబ్బతిన్నది. ఆయన మనిషి ఎవడు బోనెక్కినా అవతలి వకీలు "కొంచెం నవ్వి చూపించు" అనడం నంద్యాల కోర్టులో పరిపాటి అయింది. బోనెక్కడానికి మనుషులు దొరకలేదు. ఈ వార్తలన్నీ నేను తేదీలు వేసి రాసుకుంటూ వచ్చాను. అవి చదువుకోవడం నాకు ఆ రోజుల్లో పండుగలా ఉండేది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. పెద్దాయన సమితి అధ్యక్ష పదవి కోరి ఆళ్లగడ్డలో సభ పెట్టించాడు. నేను నంద్యాల నుంచి బస్సులో వచ్చి, ఆడవాళ్ళ వైపు అత్త పక్కన కూర్చున్నాను. పెద్దాయన లేచాడు. నిమ్మకాయ బల్ల మీద పెట్టి, మైకులో మెత్తగా, "నేను శాంతి కోరే మనిషిని" అన్నాడు.

టీకొట్టు వైపు నుంచి ఒక నవ్వు వచ్చింది. బళ్ళు విప్పిన వైపు నుంచి రెండోది. అంతే. వేలమంది గొంతులున్న ఆ మైదానంలో చీమ చిటుక్కుమనలేదు. పెద్దాయన ఆగాడు. "నేను" అన్నాడు, మళ్ళీ ఆగాడు. ఆయన చెవి పక్కకు తిరిగి ఉంది, వింటున్నాడు. సభంతా ఆయన వినడాన్ని చూస్తున్నది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మూడోసారి "నేను" అనబోయి, ఒక్కసారిగా ఆ మనిషిలో ఏదో తెగింది.

"నవ్వండ్రా! నవ్వి సావండి!" అని అరిచాడు. ఆ గొంతు అంత పెద్దదని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. "నా వామి నేనే కాల్పించుకుంటి, ఏం పీకినార్రా? ఆ అయ్యవారిని ఊరికే వదిలినా. ఈసారి మనుషుల్నే కాలుస్తా! ఒక్కొక్కణ్ణి కొట్టంలో కట్టేసి కాలుస్తా!" బల్ల తన్నాడు. తొడ చరిచాడు. కళ్ళు ఎర్రబడి, నోటి చివర నురుగు కట్టి, టాకీసు డేరాలో జనం ఇసుక చల్లిన ఆ తెరమీది మనిషి అచ్చంగా అక్కడ నిలబడి ఉన్నాడు. మీసం ఒక్కటే తక్కువ. ఇన్నేళ్ళూ ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేకపోయిన జనం ఆ క్షణంలో ఆయనను గుర్తుపట్టారు. మగవాళ్ళ వైపు నుంచి ఒక ముసలాయన, "వీడేనప్పా వాడు" అన్నాడు, ఎంతో కాలంగా వెతుకుతున్న మనిషి దొరికినట్టు.

అప్పుడు వచ్చింది మూడోది. అది ఎవరిదని ఆళ్లగడ్డలో చాలాకాలం వాదులాడుకున్నారు. నాది. లేచి నిలబడి, చెయ్యి నడుం మీద పెట్టుకుని, పొట్టలోంచి నవ్వాను. అత్త నా కొంగు పట్టి లాగలేదు. ఆ తరువాత మైదానమంతా నవ్వింది. పదవి మరొకరికి పోయింది. పెద్దాయన మళ్ళీ ఏ వేదికా ఎక్కలేదు.

మరుసటి రోజే అత్త, నేను పగిడ్యాల వెళ్ళి నాయనకు అంతా చెప్పాం. బడి వసారాలో కూర్చుని పలకలు దిద్దుతున్నాడు. చివరిదాకా విని, "అంతమందిలో నువ్వా నవ్వింది?" అన్నాడు. "నేనే" అన్నాను. పలక పక్కన పెట్టి, "కాలమే చూసుకుని ఉండును గదమ్మా. మీరెందుకు ఇంత కష్టపడితిరి?" అన్నాడు. అత్త వెంటనే, "కాలానికి ఆళ్లగడ్డ సంతలో ఎవరు తెలుసన్నా? నాకైతే అందరూ తెలుసు" అంది. నాయన ముక్కులోంచి కొంచెం గాలి వచ్చింది.

ఆయన తన పాత బడికి మళ్ళీ పోలేదు. పగిడ్యాలలోనే ఉద్యోగం ముగించి, అక్కడి మట్టిలోనే కలిశాడు. పెద్దాయన ముసలితనం దాకా బతికి, మంచం మీద పోయాడు. ఇప్పుడు ఆయన వంశంవాళ్ళు ఆయన శాంతమూర్తి అని చెప్పుకుంటారని విన్నాను. చెప్పుకోవచ్చు, కాదనడానికి అత్త లేదు, చిన్నాయన లేడు, హార్మోనియం అయ్యవారు లేడు. కాలం న్యాయం వైపు ఉంటుందని నాయన నమ్మాడు. నేను చూసినంతలో అది ఏ వైపూ ఉండదు, సాక్షులను ఒక్కొక్కరినే తగ్గించుకుంటూ పోతుంది. నా వంతు ఇంకా రాలేదు.